మాట బెర్తు, పాట బెర్తు

ఇది ఒక మహాగాథ. ఇందులో సముద్రం ఉంది, ఓడలున్నాయి, మృత్యువుతో ముఖాముఖి ఉంది, రెండు కుటుంబాల పంతం ఉంది, ఒక్క పేరు పలకడం కోసం ఒక మనిషి చేసిన యుద్ధం ఉంది. చదివేవాళ్ళు తువ్వాలు దగ్గర పెట్టుకోవాలి.

అని మొదలుపెట్టాను గానీ, రెండో పేరాలోనే దొరికిపోయేలా ఉన్నాను. సముద్రం ఉన్నమాట నిజమే. కానీ మా వన్ టౌన్ మేడ మీంచి అది కనపడాలంటే ఎదురింటివాళ్ళు ఆ రోజు దుప్పట్లు ఆరెయ్యకూడదు. ఓడలు ఎప్పటిలాగే వచ్చి సరుకు దించి వెళ్ళిపోయాయి, ఈ కథలో వాటికి పాత్ర లేదు. మృత్యువు గుమ్మం దాకా వచ్చిందిగానీ మా అత్త అడిగే ప్రశ్నలకి తట్టుకోలేక తిరిగి వెళ్ళిపోయిందని నా అనుమానం. చివరికి మిగిలింది మా మావయ్య, ఒక పసిపిల్ల, ఒక ఇనప బీరువా.

మావయ్య అంటే మా అమ్మకి అన్న. గోదావరి జిల్లా నుంచి పోర్టు పనికి వచ్చి, ఇక్కడి అమ్మాయిని చేసుకుని, ఇక్కడే ఉండిపోయాడు. అందుచేత ఆ ఇంట్లో రెండు తెలుగులుండేవి. మావయ్య దేనికైనా "ఆయ్" అనేవాడు. అత్త దేనికైనా "ఏటి?" అనేది. ఈ రెండు మాటలతో వాళ్ళు పాతికేళ్ళ కాపురం చేసేశారు. నేను ఆ ఇంట్లోనే ఉంటూ డిగ్రీ చదివేవాణ్ణి. కనీసం మా అమ్మకి అలా చెప్పేవాళ్ళం.

మావయ్య పని ఓడ మీద సిగ్నల్ ఇవ్వడం. ఓడ కడుపులో సరుకుండే గొయ్యి లోపల ఏం జరుగుతోందో పైన బరువులెత్తే వించి నడిపేవాడికి కనపడదు. అంచున ఒక మనిషి నిలబడి చేతులతో చెప్పాలి: ఎత్తు, దించు, మెల్లగా, ఆపు. మావయ్య చెయ్యెత్తి చూపుడు వేలు తిప్పితే బరువు లేచేది, గుప్పిట మూస్తే గాల్లో ఆగిపోయేది. ఆ వించి నడిపే ఆయన రోజూ పద్మనాభం అనే ఊరి నుంచి బస్సులో వచ్చేవాడు. మావయ్యని "బావ" అనేవాడు. నేను ఆయన్ని వించి బాబాయి అనేవాణ్ణి.

సిగ్నల్ పనికి ముందు, బస్తాలు చేత్తో లాగే రోజుల్లో, మావయ్య గ్యాంగుకి పాట అందించేవాడట. ఒకడు లైను అంటే మిగిలినవాళ్ళు "ఐలెస్సా" అని ఒక్కసారి బలం పట్టాలి. లైన్లు మావయ్యే కట్టేవాడు. వాటిలో మేస్త్రీల పొట్టల గురించీ, గుమాస్తాల నిద్ర గురించీ చాలా వివరంగా ఉండేదట. అందుకే అత్త ఆ పాటల్ని ఇంట్లోకి రానివ్వలేదు. "అయ్యి ఓడమీదే ఒగ్గీసి రా" అనేది.

ఒక ఉదయం కాఫీ గ్లాసు మావయ్య కుడి చేతిలోంచి జారి కింద పడింది. అత్త "ఏటైనాది?" అంది. మావయ్య "ఆయ్" అన్నాడు. అది రోజూ ఉండే సంభాషణే కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. "సెయ్యి కాలిందా?" "ఆయ్." "ఇంకోటి పెట్టీమంతావా?" "ఆయ్." అప్పుడు చూశాం, ఆయన నోరు ఒక పక్కకి లాగేస్తోంది, కళ్ళు మాత్రం ఏదో చెప్పాలని గింజుకుంటున్నాయి. మావయ్యకి మిగిలిన మాట అదొక్కటే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసింది. మీ పేరేమిటండీ అంటే ఆయ్. పెన్ను చూపించి ఇదేమిటంటే ఆయ్. కానీ కళ్ళు మూసుకోండి అంటే మూసుకున్నాడు. ఎడం చెయ్యి ఎత్తండి అంటే ఎత్తాడు, ఎంత పద్ధతిగా ఎత్తాడంటే ఆ వార్డులో ఎక్కడో ఒక బరువు లేచే ఉంటుంది. అత్త ఏడుస్తోంది. ఏడుపు చూస్తే నాకు నోరు ఆగదు.

"డాక్టర్ గారూ, పెళ్ళైన దగ్గర్నుంచీ మా మావయ్య ఇంతే మాట్లాడతాడండి. జబ్బు ఎప్పుడు మొదలైందో ఎలా చెప్తారు?" అన్నాను.

"నీ దుంపతెగా!" అన్నాడు మావయ్య.

గొంతు ఖంగుమంది. ఒక్క అక్షరం తడబడలేదు. అత్త ఏడుపు ఆపి దేవుడికి దణ్ణం పెట్టింది. నేను వైద్యం చేసినవాడిలా చుట్టూ చూశాను. డాక్టరమ్మ మాత్రం అదేం పెద్ద విషయం కాదన్నట్టు తలూపింది. "తిట్లు పోవండీ. తిట్టు, అలవాటు మాట, చిన్నప్పుడు నేర్చిన శ్లోకం, ఇవి కట్టి ఉంచిన మూటలు. మూట మూటగా వచ్చేస్తాయి. కావాలని ఒక మాట ఏరి, పేర్చి, పలకాలంటేనే కష్టం."

తర్వాత మమ్మల్ని గోడ మీది పటం దగ్గరికి తీసుకెళ్ళింది. మెదడు పైన ముడతలు ముడతలుగా ఒక పలచటి పొర ఉంటుందట. చూడ్డానికి అంతా ఒకలాగే ఉంటుంది గానీ ఒక్కో చోటు ఒక్కో పని చూసుకుంటుంది. చూపు సంగతి తల వెనక. నడినెత్తి నుంచి చెవి వైపు దిగే పట్టీ ఒళ్ళంతా కదిలిస్తుంది, అదీ తలకిందులుగా: కాళ్ళు పైన, చెయ్యి మధ్యలో, మొహం కింద. ఎడమ పక్కన మొహం పట్టీకి ముందున్న కాస్త చోటులో మాట తయారవుతుంది. ఇంకాస్త వెనక, చెవికి పైగా, విన్నమాట అర్థమవుతుంది. మావయ్యకి రక్తం అందక దెబ్బ తిన్నది ముందున్న చోటు, దాని పక్కనే ఉన్న చెయ్యి చోటు కూడా కొంచెం.

"అయితే మన పోర్టులో ఓడలు కట్టే బెర్తుల్లాగన్నమాట" అన్నాడు వించి బాబాయి. "ఖనిజం బెర్తు ఖనిజానికే, నూని బెర్తు నూనికే. బావకి మాట లోడింగు బెర్తు పాడైనాది. అన్‌లోడింగు బాగానే ఉంది."

"దాదాపు అంతే. కాకపోతే బెర్తులకున్నట్టు సిమెంటు గోడలు లేవు. ఒకదాని పని పక్కది కొంత అందుకుంటుంది. అదే మన ఆశ" అంది డాక్టరమ్మ.

ఆ పటం పక్కన ఇంకో బొమ్మ ఉంది. ఒంట్లో ఏ భాగానికి ఆ పట్టీలో ఎంత చోటుందో ఆ కొలత ప్రకారం గీసిన మనిషి. పెదాలు పూరీల్లా, చేతి బొటనవేలు వంకాయంత, ఒళ్ళు మాత్రం అగ్గిపుల్ల. మన హౌసింగ్ బోర్డు స్థలాలు పంచినట్టే ఉంది: పెదాలకీ వేళ్ళకీ బంగళాలు, వీపుకి చిన్న క్వార్టరు. అత్త ఆ బొమ్మని చాలాసేపు చూసి, "ఓలమ్మ, ఈడెవుడు పాపం? ఈడికి నయమైనాదా?" అని అడిగింది.

మావయ్యని ఇంటికి తెచ్చాం. అప్పటికి వదినకి, అంటే మావయ్య ఒక్కగానొక్క కూతురికి, నెలలు నిండుతున్నాయి. కొన్నాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. అసలు సంగతి అక్కడ మొదలైంది.

మా అమ్మవాళ్ళ వైపు ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్లకి తొలి బిడ్డ పుడితే బారసాలనాడు ఆ బిడ్డ చెవిలో పేరు పలికేది అమ్మ తరపు తాతే. పళ్ళెంలో బియ్యం మీద పేరు రాయడం ఎవరైనా రాయచ్చు. పలకడం మాత్రం ఆయనే. వదిన అత్తగారు కృష్ణా జిల్లా మనిషి, ఉక్కు టౌన్‌షిప్పు నుంచి పళ్ళూ పాలపొడీ పట్టుకుని చూడ్డానికి వచ్చారు. మంచావిడ. మంచితనంతోనే అన్నారు: "అన్నయ్యగారిని ఎందుకు శ్రమ పెట్టడం వదినగారూ? పేరు మావారు చెప్తారు లెండి. అన్నయ్యగారు పక్కన కూర్చుని అక్షింతలు వేస్తే చాలు."

మావయ్యకి అన్‌లోడింగ్ బాగానే ఉంది కదా. ప్రతి మాటా దిగింది. ఆయన ఎడం చేత్తో గుండె మీద రెండుసార్లు కొట్టుకుని, నేనే అన్నట్టు చూపించి, నోరు తెరిచాడు. "ఆయ్" అని మాత్రమే వచ్చింది. గోడ వైపు తిరిగి పడుకుని ఆ పూట అన్నం ముట్టలేదు. నాక్కూడా ఏ జోకూ తట్టలేదు. అది ఆ ఇంట్లో రికార్డు.

వదిన పచ్చి బాలింత గొంతుతోనే తేల్చేసింది. "నాన్నే సెప్పాలి. నాన్న సెప్పేదాకా దాన్ని పాప అనే పిలుస్తాను. పాతికేళ్ళొచ్చినా పాపే."

బారసాల వాయిదా పడింది. రోజూ ఆ పేరు పట్టుకుని మావయ్య కుస్తీ. అది నాలుగక్షరాల పేరు. ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది, పేరు రాస్తే నన్ను బతకనివ్వదు, కాబట్టి రాయను. మొదటి అక్షరం దగ్గరే పెదాలు వణికేవి, నుదురు తడిసేది, చివరికి ఆయ్. అత్త పక్క గదిలోకి వెళ్ళి కొంగుతో మొహం తుడుచుకుని నవ్వుతూ వచ్చేది. ఆ నవ్వు ఎవరూ నమ్మేవారు కాదు.

మావయ్య మంచం గాలి వచ్చే ముందు గదిలోకి మార్చాలనుకున్నాం. అలా మార్చాలంటే అక్కడున్న ఇనప బీరువా లోపలికి రావాలి. ఒక ఆదివారం వించి బాబాయి, ఎదురింటి టైలర్ భాయ్, నేను పూనుకున్నాం. బీరువా గడప దాకా వచ్చి ఇరుక్కుపోయింది. తన చీరలన్నీ లోపలే ఉన్నాయని అత్త అప్పుడు చెప్పింది.

"ఓ పాలి లెగెత్తీండి" అన్నాడు వించి బాబాయి. లేవలేదు. టైలర్ భాయ్ "యా అల్లా, ఇసుమంటి బీరువా మా దుకాణం కన్నా బరువుందే" అన్నాడు. వించి బాబాయి ఊపిరి బిగబట్టి, అలవాటుగా, పాత రోజుల్లోలా మూలిగాడు: "ఐ... లెస్సా..."

మంచం మీంచి వినపడింది.

"బస్తా బరువూ!"

ముగ్గురం మంచం వైపు తిరిగాం. గొంతు మావయ్యదే. ఆయన ఎడం చెయ్యి మంచం పట్టె మీద తాళం వేస్తోంది.

"ఐలెస్సా" అన్నాడు వించి బాబాయి.

"మేస్త్రీ పరువూ!"

"ఐలెస్సా!"

"రెండూ మోస్తే!"

"ఐలెస్సా!"

"మనకేం మిగులూ!"

అది చరిత్రాత్మకమైన క్షణం. అత్త చేతిలో గిన్నె జారిపోయింది, వదిన పిల్లని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది, వించి బాబాయి "బావా" అని బావురుమని రెండు చేతులూ చాచాడు. చాచడానికి ముందు ఆ రెండు చేతులూ బీరువాని పట్టుకుని ఉన్నాయన్న సంగతి నా కాలి బొటనవేలికి వెంటనే తెలిసింది. మా ఇంట్లో అందరూ ఆనందంతో ఏడుస్తున్నారు కాబట్టి నా ఏడుపు కూడా ఆ లెక్కలోనే పోయింది. నడినెత్తి మీద కాలివేళ్ళకి ఇచ్చిన స్థలం చిన్నదేనని ఆసుపత్రి బొమ్మలో చూశాను గానీ, ఆ రోజు నా బొటనవేలు చుట్టుపక్కల స్థలాలన్నీ ఆక్రమించేసింది.

ఆసుపత్రికి వెళ్ళి చెప్తే డాక్టరమ్మ మొహం మొదటిసారి వెలిగింది. "పాట ఒక్క ఎడమ పక్క సొత్తు కాదండీ. రాగం, లయ, వీటిలో కుడి పక్కకి పెద్ద వాటా ఉంది. ఆయనకి కుడి పక్క బాగుంది. మాటని రాగంలో పెట్టి పలికించండి, ఎడం చేత్తో తాళం వేయించండి. కొందరికి పని చేస్తుంది. మాట కోసం వెళ్ళే దారి తెగింది కాబట్టి పాట దారిలో తెచ్చుకోవాలి."

"ఖనిజం ఓడని గోధుమల బెర్తుకి కట్టీడం" అన్నాడు వించి బాబాయి.

ఇక ఆ ఇల్లు నాటకాల కంపెనీ అయిపోయింది. పాటలు గడప దాటకూడదన్న అత్తే పొద్దున్నే మొదలుపెట్టేది. "కాఫీ కావాలా?" అని రాగం తీస్తే, మావయ్య తాళం వేసుకుంటూ "కాఫీ కావాలీ" అని అందుకుని, "ఐలెస్సా" అని ముగించేవాడు. ఉప్మాకీ ఐలెస్సాయే, స్నానానికీ ఐలెస్సాయే. పాలబ్బాయి గుమ్మంలో నిలబడి "అమ్మా, పాలు" అంటే మేమంతా అలవాటులో "ఐలెస్సా" అనేసేవాళ్ళం. వాడు రెండో రోజు నుంచి పాలు గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పేరు కూడా అదే దారిలో పెట్టాం. ఒక సాయంత్రం వదిన పిల్లని మావయ్య ఒళ్ళో పడుకోబెట్టింది. నేను లైను అందించాను. ఆయన నాలుగక్షరాలూ సాగదీసి, తాళం తప్పకుండా, పలికాడు. వెంటనే "ఐలెస్సా" అన్నాడు. మేం ఎగిరి గంతేశాం. నేను ఒంటికాలి మీద.

చిక్కు ఏమిటంటే ఆ తోక ఊడదు. ఐలెస్సా లేకుండా పేరు చెప్పమంటే పేరూ రాదు. మెల్లగా చెప్పమంటే రాగం ఆరిపోతుంది, రాగం ఆరితే మాట ఆరిపోతుంది. చెవిలో గుసగుసగా చెప్పాల్సిన పేరుని ఈయన ఓడ మీంచి గట్టు మీది లారీ డ్రైవరుకి వినపడేలా మాత్రమే చెప్పగలడు. లాలిపాటలో పెట్టి చూశాం, రెండో చరణానికి బస్తా బరువు దగ్గరికి వచ్చేశాడు. మంగళహారతిలో పెట్టాం, హారతి ఇంకా వెలగకముందే మేస్త్రీ పరువు తీసేశాడు.

"ఓలమ్మ, గుంట పేరు చివర ఐలెస్సా ఇంటిపేరైపోద్దేటి?" అని అత్త దిగులు.

"మా అత్తోరికి సెప్పకు. ఆలు రానీ ముందు" అంది వదిన.

వాళ్ళు వచ్చారు. బారసాల మా మేడ మీదే. ముందు గది నిండా టౌన్‌షిప్పు బంధువులు, పట్టుచీరలు, సెంటు వాసన. వియ్యపురాలు అక్షింతల పళ్ళెంతో ముందు వరసలో కూర్చున్నారు. వియ్యంకుడు గొంతు సవరించుకుని సిద్ధంగా ఉన్నాడు, మాకు కనపడకుండా సిద్ధంగా ఉండాలని ప్రయత్నిస్తూ. అత్త పిల్లని ఒళ్ళో పెట్టుకుని మావయ్య పక్కన కూర్చుంది. పంతులుగారు అన్నారు: "కుడి చెవిలో, మెల్లిగా, మూడుసార్లు."

గది నిశ్శబ్దమైపోయింది. మర్యాదస్తులు కదా, దగ్గు కూడా ఆపుకున్నారు. మావయ్యకి పడనిది సరిగ్గా అదే. ఆయన నోరు తెరిచాడు. పెదాలు వణికాయి. ఎడం చెయ్యి తొడ మీద తాళం వెయ్యబోయి, ఇంతమంది చూస్తున్నారని ఆగిపోయింది. "ఆ... ఆయ్..." అన్నాడు. వియ్యపురాలు కళ్ళు దించుకున్నారు. వియ్యంకుడు సగం లేచాడు. వదిన ఆయన వైపు చూసిన చూపుకి మళ్ళీ కూర్చున్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ వించి బాబాయి కుడి చెయ్యి పైకెత్తి, చూపుడు వేలు గాల్లో నెమ్మదిగా గుండ్రంగా తిప్పాడు. ఎత్తు అని దాని అర్థం. ఇన్నేళ్ళూ ఆ సైగ మావయ్య చెయ్యడం, వించి బాబాయి చూసి బరువు లేపడం. ఇప్పుడు మావయ్య చూశాడు.

ఎడం చెయ్యి తొడ మీద పడింది. ఒకటి, రెండు. తర్వాత నాలుగక్షరాలూ, ఒక్కొక్కటే, నిండు గొంతుతో, గది పైకప్పుకి తగిలి తిరిగొచ్చేలా లేచాయి.

పిల్ల కళ్ళు తెరిచింది. మావయ్య ఆగి చూస్తున్నాడు. ఆయన ఎందుకు ఆగాడో నాకు తెలుసు: ఇంట్లో తోక తనే తగిలించుకున్నా, ఇంతమంది ఎదురుగా ఉంటే అది గ్యాంగు పని; గ్యాంగు జవాబు చెప్పకపోతే రెండో లైను రాదు, బరువు గాల్లోనే ఉండిపోతుంది.

"ఐలెస్సా" అన్నాడు వించి బాబాయి.

మావయ్య మళ్ళీ పలికాడు. ఈసారి నేనూ, వదినా, పాతికేళ్ళు ఆ మాటని గడప తొక్కనివ్వని అత్తా కలిసి అన్నాం: "ఐలెస్సా!"

మూడోసారి మావయ్య నవ్వుతూ పలికాడు. ముందు వరస నుంచి, అక్షింతల పళ్ళెం చేతిలో పట్టుకుని, అందరికంటే గట్టిగా, వియ్యపురాలు "ఐలెస్సా!" అన్నారు. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అక్షింతలు పిల్ల మీద పడాల్సినవి పంతులుగారి మీద పడ్డాయి.

పంతులుగారు భుజం దులుపుకుని, "పేరు బిడ్డకి వినపడాలి, అంతే గదా. వీధి చివరి దాకా వినపడింది. శుభం" అన్నారు.

ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ ఆపలేకపోయారు. ఉయ్యాల ఊపడం ఐలెస్సాతోనే, విస్తళ్ళు వెయ్యడం ఐలెస్సాతోనే. వియ్యంకుడు పులిహోర గిన్నె మోస్తూ స్వయంగా ఒక లైను కట్టాడు, అది బాగాలేదు. మధ్యలో టైలర్ భాయ్ దుకాణం వదిలి మెట్లెక్కి వచ్చి గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఏం భాయ్, బీరువా మళ్ళీ ఇరుక్కుందా?" అన్నాడు. అతన్ని కూడా పంక్తిలో కూర్చోబెట్టాం. మావయ్య మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం దాకా ఆ పేరుని పలుకుతూనే ఉన్నాడు. ఒక్కోసారి తోక మరీ మెల్లగా వచ్చింది. ఒక్కసారి, నేను విన్నాను, అసలు రాలేదు.

తర్వాత ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఈ కథంతా డాక్టరమ్మకి చెప్పాను. వించి బాబాయి సైగ దగ్గర ఆగాను, వియ్యపురాలి దగ్గర గొంతు పెంచాను. ఆవిడ అడ్డు రాకుండా విన్నది. మావయ్య చేత నాలుగైదు మాటలు పలికించింది. మూడు వచ్చాయి.

"బాగుంది. సంతోషం. అయితే ఈ రకం దెబ్బలో మొదటి కొన్ని నెలల్లో మాట కొంత దానంతట అదే తిరిగొస్తుందండీ. పాట వల్ల ఎంత, ఊరికే ఎంత అన్నది చెప్పలేం" అంది. తర్వాత అత్త వైపు తిరిగింది. "కూరల్లో ఉప్పు తగ్గించండి. బీపీ మాత్ర రోజూ ఉదయం టిఫిన్ తర్వాత వెయ్యాలి. బాగుంది కదా అని మానెయ్యకూడదు."